రువాయ్ మినా లెక్కపెట్టిన తొమ్మిది రోజులు

మా రువాయ్ మినాది పెద్ద గొంతు. కహాయన్ నదికి ఇవతల నిలబడి ఆవిడ కోడిని అదిలిస్తే అవతలి ఒడ్డున కోళ్ళు పరిగెడతాయని మా నాన్న వెక్కిరించేవాడు. ఆవిడ మా చిన్నాన్న భార్య. చిన్నాన్న పోయాక పొలం చెక్క, చేపల గుంటలు ఒక్కతే చూసుకుంది. నాకు పిన్ని కాబట్టి మా భాషలో మినా అంటాను, నన్ను చూసి ఊరంతా అదే పిలుపు. అంత గొంతున్న మనిషి ఒక్క మాట మాత్రం నాలుగేళ్ళు కడుపులో దాచుకుంది.

ఊరిని పెద్ద పొగ కమ్మిన ఏడాది, రెండు నెలలపాటు సూర్యుడు మసిబారిన రాగి చెంబులా కనిపించాడు. మా నేల మట్టి కాదు. వేల ఏళ్ళ ఆకూ కొమ్మా వేరూ నీళ్ళలో నాని పేరుకున్న నల్ల పొర, మనిషి లోతుకి మించి ఉంటుంది. నీళ్ళు దిగిపోయిన ఏడు ఆ నేలే వంటచెరుకు అవుతుంది. మా రబ్బరు తోట అప్పుడే పోయింది. తాత నాటిన మూడు వందల చెట్లు వేళ్ళు కాలి, ఒకదానిమీద ఒకటి ఒరిగిపోయాయి.

నాన్న అనుమానం ఊతూ మీద పడింది. ఊతూ దిగువ ఊరినుంచి కొర్రమీనుకి గాలం వేయడానికి వచ్చేవాడు, నోట్లో సిగరెట్ లేకుండా ఉండడు.

"నీ పడవ మళ్ళీ మా రేవులో కనిపించిందా, తాడు కోసి వదిలేస్తా!" అని నాన్న పదిమందిలో అరిచాడు.

ఊతూ మళ్ళీ రాలేదు. మినా ఆ రోజు అక్కడే ఉంది. తల వంచుకుని చేపలు కడుగుతోంది.

నాలుగేళ్ళ తర్వాత పాలంకరాయ పట్నం నుంచి డాక్టర్ యులిటా వచ్చింది, నేలని చదివే శాస్త్రవేత్త. ఆమెతో మొరినో అనే జపాన్ ఆయన ఉన్నాడు. ఊరి సభలో తెల్లగుడ్డ కట్టి, ఉపగ్రహం తీసిన పటం చూపించారు.

"ఎవరు పెట్టారో మాకు అక్కర్లేదు. ఎవరి పేరూ రాసుకోం," అంది యులిటా. "ఈ చుట్టుపక్కల నిప్పు చూపే మొదటి ఎర్ర చుక్క ఇదిగో, సెప్టెంబరులో ఒక సోమవారం కనిపించింది. ఆ రోజు గాలి లేదు, ఉరుము లేదు. మరి నిప్పు ఎలా లేచింది? మాకు అంతుపట్టడం లేదు."

నాన్న లేచాడు. "అంతుపట్టకపోవడానికేముందమ్మా? సిగరెట్! ఆ ఊతూ గాడిది!"

"ఊతూ కాదు బావగారూ." మినా గొంతు అంత సన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. "ఆ నిప్పు నేను పెట్టిందే."

నిప్పు పెట్టడం అప్పటికే నేరం, పోలీసు వాళ్ళు చేతులు విరిచి కట్టి తీసుకెళ్ళిన సంగతులు అందరూ విన్నవే. యులిటా కలం మూసి పక్కన పెట్టింది.

"సోమవారం కూడా కాదు," అంది మినా. "అంతకు తొమ్మిది రోజుల ముందు, శనివారం. వరి చల్లడానికి పొలం చెక్క కాల్చా. చుట్టూ ఆరడుగుల బాట గీకే పెట్టా. సాయంత్రానికి చల్లారింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి నీళ్ళు పోశా, ఆ తర్వాత మూడు రోజులూ పోశా. చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉంది. తొమ్మిదో రోజు, సోమవారం, బాటకి అవతల పద్దెనిమిది అడుగుల దూరంలో పొగ లేచింది. నేను బిందె పట్టుకుని పరిగెత్తేసరికే బావగారి తోటలోకి పాకింది."

నాన్న చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నాలుగు నెలలు ఆవిడ గుమ్మం ముందునుంచి కూడా నడవలేదు.

యులిటా మాత్రం ఆవిడ పక్కనే చతికిలబడి, "మినా, ఆ చోటు చూపిస్తారా?" అంది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. నేనూ వెళ్ళాను. మినా అడుగులు లెక్కపెట్టి చూపించిన చోట తవ్వితే, గీకిన బాట కింద మోకాటి లోతులో, ఎప్పుడో పడిపోయిన మానొకటి బొగ్గై బోలుగా ఉంది. చెయ్యి దూరేంత సందు. నిప్పు దానిలోంచి నడిచి అవతల తేలింది.

మొరినో ఆ సందులోకి టేపు దూర్చి కొలుస్తూ తనలో తాను నవ్వుకున్నాడు. యులిటా మాకు అర్థమయ్యేలా చెప్పింది.

"ఉపగ్రహం పైకి లేచిన నిప్పునే చూస్తుంది మినా. కింద నడిచిన తొమ్మిది రోజులు దానికి కనబడవు. అందుకే మేం లేచిన రోజునే పుట్టిన రోజనుకున్నాం. అది ఎంత వేగంగా నడిచిందో చెప్పగలిగిన మనిషి మాకు మీరొక్కరే దొరికారు."

"మరి నీళ్ళు పోశాను కదమ్మా! అన్ని బిందెలు ఏమైనట్టు?"

మొరినో ఎండిన నల్లపెళ్ళ ఒకటి తీసి సీసాలోని నీళ్ళు దానిమీద వంచాడు. చేమాకు మీద బొట్టులా నీళ్ళు జారి పక్కకి పోయాయి. ఒకసారి బాగా ఎండితే అది నీళ్ళు పట్టదు, గొట్టం లోపలికి గుచ్చి పొయ్యాలి అన్నాడు. మినా ఆ పెళ్ళని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాలుగు రోజులు పైపైన స్నానం చేయించానన్నమాట," అంది.

ఆ వారమే ఎండబెట్టిన చేపల బుట్ట పడవలో పెట్టుకుని ఊతూ ఇంటికి వెళ్ళింది. నన్ను తోడు రమ్మంది. ఊతూ వల అల్లుకుంటూనే అంతా విన్నాడు.

"నాలుగేళ్ళు పట్టిందా తల్లీ, ఇంత దూరం రావడానికి?"

"పట్టింది. తప్పు నాది."

"చేపలు చేపలవాడికి తెచ్చావు చూడు, అది ఇంకో తప్పు," అని బుట్ట లోపల పెట్టించి, మాకు టీ ఇప్పించాడు.

ఆ తర్వాత ఊళ్ళో ఇరవై చోట్ల చిల్లుల గొట్టాలు దించి వారం వారం నీటి మట్టం కొలవడం మొదలైంది. గొట్టాలు ఎక్కడ దించాలో మినా చెప్పింది, ఎలా కొలవాలో వాళ్ళు నేర్పారు. తలమీద ముల్లు తిరుగుతూ లోపలి వేడి చూపే పొడుగాటి ఇనప కడ్డీలు, లోపలికి నీళ్ళు గుచ్చి పంపే గొట్టాలు ఇచ్చారు. మినా లెక్కనిబట్టి, నిప్పు ఆరాక పన్నెండు రోజులు కాపలా ఉండాలని అందరూ కలిసి నిర్ణయించారు. అందులో ఏది వాళ్ళ మాటో ఏది మా మాటో ఇప్పుడు విడదీయలేం.

నాలుగో నెల దాటాక ఒక ఉదయం నాన్న మినా వాకిట్లో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"దీన్ని ఎలా గుచ్చాలో చూపించు," అన్నాడు. "నీ మీద కోపం పోయిందనుకోకు."

"అనుకోను బావగారూ. వంకరగా పట్టుకున్నారు, ముందు నిటారుగా పట్టుకోండి."

సభ జరిగిన నాలుగేళ్ళకి, మళ్ళీ వానలు మొహం చాటేసిన ఏడు, పేము తీగల అడవి అంచున నిప్పు లేచింది. పట్నం బృందం పంపులతో వచ్చి రెండు రోజుల్లో ఆర్పేసింది. వాళ్ళ నాయకుడు గొట్టాలు చుట్టిస్తుంటే మినా అడ్డం వెళ్ళింది.

"అప్పుడే చుట్టకు బాబూ. ఇది చావలేదు."

"పొగ లేదు, వేడి లేదు. ఇంకోచోట కూడా నిప్పుంది పెద్దమ్మా, మాకు పని ఉంది."

"సరే, వెళ్ళండి. ఒక్క పంపు వదిలి వెళ్ళండి." గొంతులో బతిమాలుడు లేదు. ఆయన ఓసారి తలగోక్కుని పంపు వదిలాడు.

పొద్దునా సాయంత్రం మినా, నాన్న, మేమంతా అడుగుకో చోట కడ్డీలు గుచ్చుతూ తిరిగాం. ఆరో రోజు నాన్న గుచ్చిన చోట కడ్డీ ముల్లు ఒక్కసారిగా ఎగిరింది. పైన పచ్చటి ఫెర్న్ ఆకులు, నడుం లోతున కొలిమి.

"రువాయ్! ఇటు రా! ఇక్కడుంది దొంగ!"

నాలుగేళ్ళ కిందటి సభ తర్వాత ఆయన ఆవిడని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. మినా పంపు లాక్కుంటూ పరిగెత్తింది, వెనక మేమంతా. సాయంత్రం దాకా లోపలికి నీళ్ళు పంపాం. నేల బుసకొట్టి, ఆవిరి కక్కి, చివరికి బురద అయింది. అడవి అవతల నలభై ఇళ్ళ రబ్బరు తోటలు ఉన్నాయి. ఒక్క చెట్టు కూడా పోలేదు.

పన్నెండో రోజు కడ్డీ ఎక్కడ గుచ్చినా చల్లగానే వచ్చింది. యులిటా ఫోన్ చేసి కనుక్కుంది. మినా బురద చేతులతో అంకెలు చదివి, అయిపోయిందమ్మా అని చెప్పింది. నాన్న మాత్రం కడ్డీ భుజాన వేసుకుని మళ్ళీ అడవి వైపు నడిచాడు.

"ఎక్కడికి బావగారూ? ఇంకేమీ లేదు!"

"నీకేం తెలుసు? ఇంకో రెండు రోజులు చూద్దాం," అన్నాడు వెనక్కి తిరగకుండా. మినా చేతులు కడుక్కుని ఆయన వెనకే బయల్దేరింది.