రాళ్ల పాఠంలో ఒక దగ్గు

మధ్యాహ్నం మూడుంబావుకి కరెంటు వచ్చింది. యూనివర్సిటీలో పాఠాల వీడియోలు తయారుచేసే విభాగంలో నా భార్య కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసింది. తొంభైల చివరి రోజులవి. తార్నాకలో నా కాలేజీ క్లాసులు అయ్యాక, ఆమెను స్కూటరు మీద ఇంటికి తీసుకెళ్దామని వచ్చి పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

ఆమె పోయాక చాలామంది పెద్ద పెద్ద మాటలు అన్నారు. అలాంటివి ఆమెకు నచ్చేవి కావు. అందుకని ఆ రోజు చేసిన పని మాత్రమే చెబుతాను.

మౌలాలి గుట్ట రాళ్లు ఎలా ఏర్పడ్డాయో చెప్పే పాఠం అది. చెప్పింది గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన జియాలజీ మాస్టారు. గొంతు ఆపరేషన్‌కు ముందు రికార్డు చేయించారు. ఆపరేషన్ తర్వాత ఆయనకు గుసగుస తప్ప గొంతు మిగల్లేదు. రికార్డులో చూస్తే రెండు మూడు వాక్యాలకో దగ్గు.

విభాగం పెద్దాయన తలుపు దగ్గరికి వచ్చి, "వేరేటోళ్లతోని చదివిద్దాం మేడమ్. గంట పని," అన్నారు.

"సార్ గొంతు మళ్ల దొరకది గద సార్. రేపటి దాంక ఆగుండ్రి."

"అందుల అన్ని దగ్గులే ఉన్నయి గదమ్మా."

"పాఠం గూడ ఉన్నది సార్."

ఆయన నవ్వి, రేపు మధ్యాహ్నం వరకే అని చెప్పి వెళ్లారు.

ఆ సాఫ్ట్‌వేర్ బొమ్మల్ని కదిలించడానికి చేసింది. శబ్దం అందులో అడుగున ఒక పట్టీ మాత్రమే. ఆ పట్టీలో దగ్గు ఎత్తయిన గీతల గుంపులా కనిపించేది. దాన్ని కోయడం తేలిక. వినడమే కష్టం. కొన్ని క్షణాల శబ్దాన్ని కంప్యూటర్ మొదట తన మెమరీలోకి మింగాలి, ఆ తర్వాతే వినిపిస్తుంది. ఆమె దగ్గులన్నీ కోసి, ఒక ముక్క వినిపించింది.

"బాగానే ఉంది కదా," అన్నాను.

"మీరు బొమ్మ జూస్తున్నరు. కండ్లు మూసుకోని వినుండ్రి."

మూసుకున్నాను. కోసిన చోట మాటతో పాటు గదిలోని ఫ్యాను చప్పుడు కూడా ఆగి, మళ్లీ మొదలవుతోంది.

"ఫ్యాను ఆగింది," అన్నాను.

"ఆఁ. సార్ ఊపిరి గూడ ఆగింది."

మాస్టారు కాగితం తిప్పుతూ ఊరుకున్న చోటు ఒకటి వెతికింది. అక్కడ ఫ్యాను, ఆయన ఊపిరి తప్ప ఏమీ లేవు. ఆ ముక్కను ప్రతి ఖాళీలోనూ పెట్టింది. రెండు కొసలా గుర్తులు పెట్టి, శబ్దం మెల్లగా లేచి మెల్లగా దిగేలా సరిచేసింది. మర్నాడు పొద్దున నేను కళ్లు మూసుకుని విన్నాను. ఎక్కడ కోసిందో పట్టుకోలేకపోయాను.

ఎవరి మాట కోస్తే వాళ్లను పిలిచి, వినిపించి, సరేనన్నాకే పాఠం పూర్తి చేయడం ఆ విభాగంలో అలవాటు. మాస్టారు హబ్సిగూడ నుంచి ఆటోలో వచ్చారు. మెడకు మఫ్లరు. ఎటూ కదలకుండా మొత్తం విన్నారు.

"నా దగ్గులన్నీ ఏం చేశావమ్మాయ్?" గుసగుసగా అడిగారు.

"తీసేసిన సార్."

"ఇంత శుభ్రంగా నేనెప్పుడు చెప్పాను? మా పిల్లలు వేరే ఎవరో అనుకుంటారు."

నా భార్య నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. ఆమె నవ్వి, ముందురోజు కోసిన ముక్కలు తెరిచింది. "ఏది గావాల్నో చెప్పుండ్రి సార్, పెడ్త."

ఆయన ఒక్కొక్కటీ విన్నారు. రాయి ఎండకూ వానకూ ఎలా పగులుతుందో చెప్పే చోట వచ్చిన దగ్గును ఎంచుకున్నారు. ఆమె దాన్ని తిరిగి పెట్టి, శబ్దం కొంచెం తగ్గించబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "అలాగే ఉంచు," అన్నారు. తగ్గించలేదు.

మధ్యాహ్నం పెద్దాయన విన్నారు. దగ్గు వచ్చినప్పుడు ఆమె వైపు చూశారు. ఆమె మాస్టారి వైపు చూసింది. "సరే, పోనియ్యుండ్రి," అన్నారు పెద్దాయన. పాఠం మాస్టారి గొంతుతోనే ప్రసారానికి వెళ్లింది.

రెండు రోజుల పనిని ఒకాయన అడిగిన వెంటనే మార్చడానికి ఆమెకు ఒక్క క్షణం పట్టలేదు. నేనైతే వాదించేవాణ్ని.

ఆ విభాగం ఇంకా ఉంది. కోత పని ఇప్పుడు నిమిషాల్లో అయిపోతుంది. కోశాక మాట్లాడినవాళ్లను పిలిచి వినిపించడం మాత్రం లేదు.