తొంభై ఆరు మూరలు

పోయినవి ఇవి: ఒక మగ్గం, ఒక మనిషి పేరు, ఇరవై రెండేళ్ల స్నేహం, ఆ మనిషి ఇంటి గడప తొక్కగలిగే ముఖం. చీర మాత్రం పోలేదు. అసలు లేని చీర ఎలా పోతుంది? ఈ సంగతి పందొమ్మిదేళ్లుగా నాకొక్కడికే తెలుసు. మోయలేక మీకు చెబుతున్నాను.

నేను బడికి పోయింది తక్కువ. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. మా నేతగాళ్ల వీధిలో గుంజలు పాతి పడుగు సాగదీస్తే, మూరలు కొలిచి ఎన్ని చీరలొస్తాయో చెప్పేది నేనే. ఆ ఏడు శ్రీశైలంలో ఒక సాధువు దగ్గర ప్రాణాయామం నేర్చుకొని వచ్చాను. గర్వం ఎక్కింది. నా స్నేహితుడు మద్దిలేటి పడుగు కొలుస్తూనే ఊపిరులూ లెక్కపెట్టాను. పన్నెండు ఊపిరులు మూరల్లో కలిసిపోయాయి. చీరకు పన్నెండు మూరలు. ఏడు చీరల పడుగును ఎనిమిదని చెప్పాను.

మద్దిలేటి నేసి ఏడు తెచ్చాడు.

పట్టు ఇచ్చిన సావుకారు నవ్వాడు. “ఎనిమిదో చీరకు కాళ్లొచ్చినాయా? యాడికి పోయింది?”

వీధిలో తొమ్మిది మంది చూస్తున్నారు. మద్దిలేటి నా వైపు తిరిగాడు. “ఏమప్పా, కొల్చినోడివి నువ్వే గదా. చెప్పప్పా, ఎన్ని మూరలు?”

“తొంభై ఆరు,” అన్నాను.

“ఇన్యావు గదా. దొంగవి నువ్వు,” అన్నాడు సావుకారు.

అంతవరకు అది పొరపాటే. మద్దిలేటి పడుగు సాగదీసిన గుంజలు ఇంకా అక్కడే ఉన్నాయి; మరునాడు పొద్దున్నే వాటి మధ్య దూరం మళ్లీ కొలిచాను. ఎనభై నాలుగు. మళ్లీ కొలిచాను. ఎనభై నాలుగే. చుట్టూ చూసి, గుంజలు పీకి గుంతలు పూడ్చేశాను. లెక్క తప్పని మనిషినన్న పేరు కోసమేనా? అంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని ఇన్నేళ్లు నాలో నేను వెతుక్కున్నాను. లేదు.

తర్వాత మద్దిలేటికి ఎవరూ పని ఇవ్వలేదు. మగ్గం అమ్ముకొని, ఓర్వకల్లు దగ్గర రాళ్లు కొట్టే పనిలో చేరాడు. నిరుడు చనిపోయాడు.

ఇప్పుడు రోజూ పొద్దున మిద్దె మీద పదకొండు మందికి యోగా నేర్పుతాను. సత్యం, అస్తేయం గురించి చెప్పాల్సి వస్తే సత్యాన్ని దాటేసి అస్తేయానికి వస్తాను. దొంగతనం చేయకపోవడమంటే పరుల వస్తువు ముట్టకపోవడమని చెప్పి, గబగబా ఆసనాల్లోకి దిగుతాను. పరుల పేరు తీసేస్తే అదేమవుతుందని ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని రోజూ ఎదురుచూస్తాను. భయంతోనా, ఆశతోనా?

రాశాక ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. అయినా తీరిందని అనుకోలేను. దొంగ అన్న మాట విన్నది మీరు కాదు. ఆ తొమ్మిది మందిలో నలుగురు పోయారు. ఉన్నవాళ్లలో మద్దిలేటి భార్య ఒకతె. నేను నిజం చెప్పాల్సిన మనుషులు, ఈ రోజుకీ, ఐదుగురు.