స్లాబు ఆపించిన డీఈ గారు

మా బడి కట్టించిన ఇంజనీరమ్మ, డీఈ గారు పోయారని మొన్న రాజమండ్రి నుంచి ఫోనొచ్చింది. అన్నం కలుపుకుంటున్నవాణ్ణి చెయ్యి కడిగేసుకుని లేచిపోయాను.

తొంభైల చివర్లో, తణుకు అవతల కాలవగట్టు పక్క ఊళ్లో నేను మేస్టర్ని. పిల్లలు తాటాకు పాకలో చదువుకునేవారు. కొత్త గదులు ఆవిడ చేతుల మీదే మొదలయ్యాయి. వచ్చినప్పుడల్లా గోడలకంటే ముందు గొడుగు మొనతో నేల పొడిచి చూసేవారు. "రూల్సు రాసినవాళ్లు మన నేల చూళ్లేదు మేస్టారూ. చూసి అమలు చెయ్యాల్సింది మనమే" అనేవారు.

స్లాబు వేసే ముందురోజంతా వాన. పొద్దున్నే ఎండ రాగానే సర్పంచి గారు కొబ్బరికాయ కొట్టారు, పని మొదలైపోయింది. ఆవిడ వచ్చేసరికి సగం కాంక్రీటు పడింది. పైన మేస్త్రీలు, నిచ్చెన మీద తట్టలందిస్తున్న ఆడకూలీలు.

ఆవిడ వంగి స్లాబు కిందికి వెళ్లారు. దాన్ని మోస్తున్న సరుగుడు కర్రల కింద చెక్కలు వెయ్యాలని డ్రాయింగులోనే ఉందట. కాలవ వైపు వెయ్యలేదు. అక్కడ గొడుగు మొన జానెడు దిగిపోయింది.

బయటికొచ్చి పని ఆపమన్నారు. మధ్యలో ఆపితే స్లాబుకి అతుకు పడి కారుతుందని కాంట్రాక్టరు అడ్డుపడ్డాడు. ముహూర్తం పెట్టుకున్నాం కదమ్మా అని సర్పంచి గారూ నచ్చజెప్పబోయారు.

"స్లాబు పోతే మళ్లీ వేసుకుందామండీ. ముందు మనుషుల్ని దించండి" అన్నారావిడ. గొంతు పెంచలేదు. నా వైపు తిరిగి, పిల్లల్ని దూరంగా తీసుకెళ్లమన్నారు.

పిల్లల్ని రోడ్డు దాటించి వెనక్కి చూశాను. పరిగెత్తొద్దని, ఒక్కొక్కరే మెల్లగా రమ్మని చెబుతూ, ఆవిడే నిచ్చెన పట్టుకుని నిలబడ్డారు. పక్కకి రమ్మని కాంట్రాక్టరే బతిమాలుతున్నాడు. ఆవిడ కదల్లేదు. ఆఖరి మేస్త్రి దిగాక అతన్ని ముందుకి తోస్తూ తనూ ఇవతలకి వచ్చేశారు. లోపల ఒక కర్ర ఫెళ్లుమంది. కాలవ వైపు స్లాబంతా కిందికి కూలిపోయింది. పచ్చి కాంక్రీటు, ఇనుము, కర్రలు ఒకే కుప్ప. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

తర్వాత శిథిలాలన్నీ తీయించి మళ్లీ కట్టించారు. ఈసారి ప్రతి కర్రా చేత్తో ఊపి చూశాకే పని మొదలెట్టనిచ్చారు. ఆ గదుల్లోనే నేను రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పాను.

కానీ ఆవిణ్ణి తలుచుకుంటే నా కళ్లముందుకి వచ్చేది స్లాబు కూలాక గడిచిన ఆ కాసేపే. ఇసక గుట్ట మీద కూలబడిపోయారు. ఎవరో టీ తెచ్చిస్తే సగం చీర మీదే ఒలికిపోయింది. నిచ్చెన దిగొచ్చిన కూలీ ఒకామె ఎదురుగా గొంతుక్కూర్చుని, సిమెంటు చేతులు కొంగుకి తుడుచుకుని, గ్లాసు ఆవిడ పెదాలకి ఆనించింది. డీఈ గారు చిన్నపిల్లలా తాగారు.