మిద్దె మీద ఇసుక

ఎండాకాలంలో గాలివాన వచ్చి వెళ్లిన మర్నాడు నా ఫోను ఊరుకోదు. రేకులు లేచిపోయినవాళ్లు, పెంకులు పగిలినవాళ్లు, పక్కింటి వాటర్ ట్యాంకు వచ్చి నెత్తిన పడ్డవాళ్లు, అందరికీ ఆ పూటే నేను కావాలి. మామూలు రోజుల్లో గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలవాళ్లకు నీడ కట్టడం నా పని. గాలివాన తర్వాత మాత్రం ఇళ్ల కప్పులు. టార్పాలిన్‌ను మా దగ్గర తాడ్‌పత్రి అంటారు. దాన్ని కప్పు మీద పరిచి, అంచులను చెక్కపట్టీకి చుట్టి, ఆ పట్టీని గోడకు మేకులతో బిగిస్తే ఎంత గాలికైనా లేవదు. ఇరవై ఏళ్లుగా ఇదే చేస్తున్నాను. నేను కట్టింది ఊడిందని ఇంతవరకు ఒక్కరూ అనలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్పలు చెప్పుకునే ముఖం నాకు లేదని చదువుతుంటే మీకే తెలుస్తుంది.

లాడ్ బజార్ వెనక సందులో లక్క గాజులు చేసే ఒకామె ఉండేది. పెద్ద వయసేమీ కాదు, నాకంటే నాలుగైదేళ్లు ఎక్కువ ఉంటుందేమో. అక్కడి అలవాటు ప్రకారం ఆపా అని, అంటే అక్కా అని పిలిచేవాణ్ని. భర్త పోయాక తండ్రి ఇంట్లోనే నడిమి గదిలో ఉండేది. అటుపక్క గదులకు పెద్దన్న తాళం, ఇటుపక్క గదులకు చిన్నన్న తాళం. ఆ ఇద్దరూ వేరే చోట కాపురాలు పెట్టుకుని, ఇల్లు నాదంటే నాదని కోర్టులో కొట్లాడుకుంటున్నారు. ఆపా అడిగింది తన గది ఒక్కటే. కేసు తేలేదాకా ఇంట్లో దేన్నీ మార్చకూడదని కోర్టు చెప్పింది. ఆమె వకీలు దానికి ఇంకో మాట కలిపాడు. నీ పొయ్యి, నీ తాళం ఆ గదిలో ఉన్నంతకాలం నిన్ను ఎవరూ కదపలేరు, అవి లేని రోజు నీ మాట వినేవాడుండడు అని. ఆ మాట విన్ననాటి నుంచి ఆమె ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. దగ్గరి చుట్టాల పెళ్లికి వెళ్లి, అన్నం కూడా తినకుండా మధ్యాహ్నానికే తిరిగొచ్చేసిందట.

ఒక ఏడు గాలివానకు పక్క బిల్డింగు మీది రేకుల షెడ్డు లేచి వచ్చి ఆమె మిద్దె మీద పడింది. పాతకాలపు మిద్దె అది. టేకు దూలాలు, వాటి మీద చెక్కలు, చెక్కల మీద మట్టి, ఆ పైన సున్నం. సున్నం ఈ చివరి నుంచి ఆ చివరికి పగిలింది. నేను వెళ్లేసరికి గదిలో బకెట్లు, గిన్నెలు, ఆఖరికి లక్క కరిగించే మూకుడు కూడా నీళ్లు పట్టుకుని కూర్చున్నాయి. తడి ఉంటే గాజుకు రాయి అతకదు. రాళ్లు అతకకపోతే ఆమెకు పూట గడవదు. లక్క సంచీని మాత్రం చీర చెంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుని, గదిలో తడవని ఒకే ఒక్క మూలలో నిలబడి ఉంది.

నిచ్చెన వేసుకుని ఎక్కి, తాడ్‌పత్రి పరిచి, గోడకు రెండు మేకులు కొట్టానో లేదో కింద లొల్లి మొదలైంది. అన్నలిద్దరూ దిగారు. వాళ్లకు ఎవరు చెప్పారో, అంత తొందరగా ఎట్లా వచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. పెద్దాయన నన్ను ఫోటో తీశాడు. పెద్దాయన ఫోటో తీయడాన్ని చిన్నాయన వీడియో తీశాడు. ఏళ్ల తరబడి ఒకరి ముఖం ఒకరు చూసుకోని మనుషులు ఆ ఒక్క విషయంలో మాత్రం ఒకటే మాట మాట్లాడారు. మేకు కొడితే రిపేరు చేసినట్టు, రిపేరు చేస్తే ఇల్లు నాదని చెప్పుకున్నట్టు, రేపే కోర్టులో వేస్తామని. నాకు ఒళ్లు మండింది. నెత్తి మీద కప్పు కురుస్తుంటే మనిషి ఏం చేయాలని పైనుంచే అడిగాను. తాడ్‌పత్రి కట్టేవాడికి కోర్టు సంగతులెందుకన్నాడు పెద్దాయన.

మేకులు పీకేశాను. ఆపా లక్క ముద్ద ఒకటి దీపం మీద కరిగించి, నిచ్చెనెక్కి తెచ్చి ఆ రెండు బొక్కలనూ పూడ్చి, వేలితో నున్నగా రాసింది. అంత వేడి లక్క తాకినా ఆమె వేళ్లకు ఏమీ కాదు. అన్నలు ఆ పూడ్చిన బొక్కలను కూడా ఫోటోలు తీసుకుని వెళ్లిపోయారు. వాళ్లు సందు మలుపు తిరిగేదాకా ఆగి, ఆమె నా వైపు చూసింది.

"బరువు పెట్టు భాయ్. మేకు కొడితే రిపేరంటరు. బరువు పెడితే ఏమంటరు?"

అప్పుడే వద్దని ఉండాల్సింది. మట్టి మిద్దె నీళ్లు తాగుతుందనీ, తాగిన మిద్దె మీద బరువు పెట్టకూడదనీ నాకు తెలియక కాదు. పూల మార్కెట్లో ఎవరైనా అడిగితే నేనే ఈ మాట పదిసార్లు చెబుతాను. కానీ ఆ రోజు నా తలలో మిద్దె లేదు, ఆ అన్నలిద్దరే ఉన్నారు. వాళ్ల నోళ్లు మూయించాలని ఉంది. సిమెంటు సంచుల్లో ఇసుక నింపి ఎనిమిది మూటలు కట్టాం. అంచుల వెంబడి ఆరు, గాలి లేపే నడిమి భాగంలో రెండు. మరో మనిషిని తెస్తే దానికి కూడా ఫోటోలు తీస్తారని ఆమే కింద నిలబడి మూటలకు తాడు కట్టింది, నేను పైకి లాగాను. సాయంత్రానికల్లా కురవడం ఆగింది. ఆమె పొయ్యి రాజేసింది. నేను గెలిచినట్టే అనుకుంటూ ఇంటికి వెళ్లాను.

ఎండకు సిమెంటు సంచి ఏడాది కూడా ఆగదు. మరుసటి ఏడు ఎక్కి చూస్తే సంచులు ముట్టుకుంటే పొడి అవుతున్నాయి, ఇసుక ఎక్కడిదక్కడ పారి ఉంది. పాత తాడ్‌పత్రి కూడా చీలింది. ఆ ఇసుకంతా తట్టలకెత్తి కిందికి దించాలంటే ఒక రోజు పని. మార్కెట్లో పని ఉంది, ఇంకో నాలుగు ఇళ్లవాళ్లు ఫోన్లు చేస్తున్నారు. పాత తాడ్‌పత్రి మీదే కొత్తది పరిచి, కొత్త ఇసుకతో కొత్త మూటలు పెట్టేసి దిగాను. ఆ తర్వాతి ఏడు కూడా అంతే. ఈసారి గాలి ఎక్కువగా ఉందని మూటలు పన్నెండు చేశాను. పాత ఇసుక కింద తడిగానే ఉండిపోయేది. పైన తాడ్‌పత్రి ఉంటే దానికి ఎండ ఎక్కడిది? నాకు తోచలేదని చెప్పను. దించుదాంలే అనుకున్నాను, దించలేదు.

ఆ మూడో ఏడే ఆమె గది తలుపు నేలకు రాసుకోవడం మొదలైంది. తీయాలంటే భుజంతో నెట్టాల్సి వచ్చేది. వానకు చెక్క ఉబ్బిందంది ఆపా. కింద కొంచెం కోసేస్తానన్నాను. కోయకు, అది కూడా రిపేరే అవుతుందని నవ్వింది. నేనూ నవ్వాను. కప్పు దిగితే ద్వారబంధం మీద బరువు పడి తలుపు బిగుసుకుంటుందని ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కడికీ తెలుసు. నేను టీ తాగి, నిచ్చెన భుజాన వేసుకుని వచ్చేశాను.

ఆ వానాకాలం నాలుగు రోజులు ఎడతెగని ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున పది గంటలప్పుడు మార్కెట్లో బంతిపూల గంపల మీద పరదా సర్దుతున్నాను. ఆమె సందులోనే గాజుల దుకాణం ఉన్న ఒకాయన ఫోను చేసి, మిద్దె కూలిందన్నాడు. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఉందట. పైనుంచి మట్టి రాలుతుంటే లేచి తలుపు దాకా వచ్చిందట. బిగుసుకున్న తలుపును నెడుతుండగా దూలం వచ్చి ఆమె తుంటి మీద పడింది. నేను వెళ్లేసరికి ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయారు.

ఇల్లు పాతది, పడింది అన్నారు అందరూ. బూడిదరంగు సున్నం, నల్లటి మట్టి కుప్పగా పడి ఉన్నాయి. ఆ కుప్పలో నా ఇసుక విడిగా కనబడింది. శుభ్రమైన ఏటి ఇసుక, తడిసి ఎర్రగా, నేను అనుకున్నదానికి రెండింతలుంది. ఇంత ఎప్పుడు ఎక్కించానా అని బిత్తరపోయాను. అది ఎక్కడిదని ఎవరూ అడగలేదు. తాడ్‌పత్రి మాత్రం ఎక్కడా చిరగకుండా గోడ మీంచి వేలాడుతోంది. గాజుల దుకాణం ఆయన దాన్ని పట్టి లాగి చూసి, నీ పని గట్టిదే, ఇల్లే గట్టిది కాదన్నాడు. తల ఊపాను.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాను. తుంటి ఎముక విరిగింది. కదలడానికి లేదు. నన్ను చూడగానే నొప్పి గురించి ఒక్క మాట చెప్పలేదు. గది గురించే అడిగింది. మూడు గోడలు నిలబడే ఉన్నాయని అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు.

"నాలుగు గుంజలు పాతి మీద తాడ్‌పత్రి ఎయ్యి భాయ్. దాని కింద నా పొయ్యి పెట్టు, దర్వాజకు నా తాళం ఎయ్యి. రేపే పోవాలె. జర ఆలస్యమైనా ఆళ్లు ఉంచరు. నాకు ఇంకెవ్వరున్నరు?"

పొద్దున్నే పోతానని చెప్పాను. ఆమె తాళంచెవి నా చేతిలో పెట్టి కళ్లు మూసుకుంది.

పోలేదు. మొదటి రోజు వాన తెరపి ఇవ్వలేదు కదా అనుకున్నాను. మార్కెట్లో మాత్రం అదే వానలో మూడు పరదాలు కట్టాను. రెండో రోజు ఆ గోడలు నా మీద పడతాయేమోనని ఇంట్లో అన్నాను. పడితే పిల్లల గతేమిటని మా ఆవిడ భయపడింది. ఆమె భయాన్ని అడ్డం పెట్టుకుని ఆ రోజు గడిపాను. మూడో రోజు ఆసుపత్రి నుంచి ఎవరి ఫోనులోంచో రెండుసార్లు ఫోను వచ్చింది. ఆపానే అని తెలుసు. మోగినంతసేపు తెర వైపు చూస్తూ కూర్చున్నాను. నాలుగో రోజుకు ఏ సాకూ మిగల్లేదు, అయినా వెళ్లలేదు. ఆ ఇసుక దగ్గరికి మళ్లీ వెళ్లడానికి కాళ్లు రాలేదని నాకు నేను చెప్పుకునేవాణ్ని. ఒట్టి పిరికితనం అది.

ఐదో రోజు అన్నలిద్దరూ కలిసి వచ్చారు. నిలబడ్డ గోడలు దారిన పోయేవాళ్ల మీద పడతాయని, ప్రమాదమని చెప్పి మనుషులను పెట్టి పడగొట్టించారు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ దగ్గరుండి చేయించారని గాజుల దుకాణం ఆయన చెప్పాడు. అక్కడ పొయ్యి గానీ, తాళం వేసిన తలుపు గానీ, ఎవరైనా కాపురముంటున్న ఆనవాలు గానీ ఉండి ఉంటే సందులోవాళ్లం అడ్డం పడేవాళ్లమన్నాడు. ఉత్త గోడల కోసం ఎవరు కొట్లాడతారన్నాడు. ఆరో రోజు నేను వెళ్లి చూసేసరికి ఆ గది ఎక్కడుండేదో పాదాలతో కొలుచుకుంటే తప్ప తెలియడం లేదు. తాళంచెవి జేబులోనే ఉంది.

ఆపాను మళ్లీ చూడడానికి నాకు మూడు నెలలు పట్టింది. అప్పటికి కార్వాన్‌లో దూరపు చుట్టాల ఇంట్లో, వరండాలో ఒక మంచం మీద ఉంటోంది. చేతికర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలదు. లక్క పొగ పిల్లలకు పడదని ఆ ఇంట్లో పొయ్యి పెట్టనివ్వలేదు. చేతులు ఖాళీగా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వకీలు ఫోను ఎత్తడం మానేశాడట. నన్ను చూసి కోపంగా ముఖం తిప్పుకుంటే బాగుండేది. కూర్చోమంది, పిల్లలెట్లున్నారని అడిగింది.

చెప్పేసి వెళ్లాలనే వచ్చాను కాబట్టి చెప్పాను. పాత ఇసుక దించలేదనీ, ఏటేటా దాని మీదే మళ్లీ ఎక్కించాననీ, తలుపు రాసుకున్నప్పుడైనా అర్థం చేసుకోవాల్సిందనీ, మిద్దెను కూల్చింది వాన కాదనీ, నా ఇసుకేననీ చెప్పాను. ఆమె మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా విన్నది.

"బరువు సంగతి నాకెర్కే. దూలం దిగింది నేను సూసిన. గుంజ ఆనిచ్చి, కనబడకుండ దాని మీద చీర గూడ ఏసిన. నీకు జెప్తే ఇంక ఎక్కవని జెప్పలె. గది ఉంటే సాలు అనుకున్న. గా తప్పు నీదొక్కనిది గాదు, ఫికర్ జెయ్యకు." తన వేళ్ల వైపు చూసుకుంది. "రమ్మన్న నాడు ఎందుకు రాలే భాయ్?"

మూడు నెలలుగా ఇసుక గురించి ఏం చెప్పాలా అని మాటలు కూడబలుక్కున్నాను. లోపలి నుంచి టీ వచ్చింది, తాగాను. తాళంచెవి మంచం మీద పెట్టి లేచాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు, మళ్లీ అడగనూ లేదు.

ఇప్పుడు కూడా గాలివాన వెలిసిన మర్నాడు కప్పులు ఎక్కుతూనే ఉన్నాను, నాకు వేరే పని రాదు. ఇసుక గురించి ఎవరు అడిగినా ఎంతైనా చెప్పగలను, ఇక్కడ ఇంత రాశాను కూడా. ఆమె అడిగింది మాత్రం ఆ నాలుగు రోజుల గురించి. ఆ నాలుగు రోజులూ నేను ఊళ్లోనే ఉన్నాను. నిచ్చెన ఉంది, తాడ్‌పత్రి ఉంది, నా రెండు చేతులూ బాగానే ఉన్నాయి.