తపసుమాను కింద పిన్ని కొంగు

మా చిన్నప్పుడు... ఐరాల దగ్గర మా అవ్వగారి ఊళ్లో, మిట్టమధ్యాహ్నం ఎండలో, తపసుమాను కింద నిలబడి ఉన్నాను. పక్కన ఇంకా పెళ్లికాని మా పిన్ని. నన్ను పట్టుకున్న ఆమె చేయి చెమటకు జారిపోతోంది...

ఎండాకాలం సెలవులంటే మాకు భారతమే. పద్దెనిమిది రోజులు పగలు కథ, రాత్రి నాటకం. అర్జునుడి తపస్సు రోజున, ఆ వేషం కట్టిన మనిషి పద్యాలు పాడుకుంటూ ఇంత పొడుగు తాటిమాను ఎక్కుతాడు, అదే తపసుమాను. పైనుంచి విభూతి, పూలు, నిమ్మకాయలు విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు తడిచీరలతో కింద కొంగు పట్టి కూర్చుంటారు. కాయ పడితే కడుపు పండుతుందని నమ్మకం. పెళ్లికాని పిల్ల మాత్రం కొంగు పట్టకూడదు. పట్టిందంటే ఇక ఊరి నోళ్లు మూయించడం ఎవరి తరమూ కాదు.

ఆ ఏడు అర్జునుడు మునిరత్నం. వాళ్లమ్మ మా వేరుశనగ చేలో కలుపు తీసేది. మామూలు రోజుల్లో అతను మా వసారా మెట్టు కూడా ఎక్కకూడదు... చేతికి కంకణం కట్టిన ఆ కొన్ని రోజులు మాత్రం, ఊళ్లో సగం భూమి ఉన్న మా తాత కూడా అతనికి "సామీ" అని దండం పెట్టేవాడు. విడ్డూరం కాకపోతే ఏమిటి!

పిన్నికీ అతనికీ మధ్య ఉన్నది నాకొక్కదానికే తెలుసు. గడ్డివామి వెనక మాట్లాడుకుంటుంటే చూసేశాను. పిన్ని నా నోరు మూసి, "అమ్మణ్ణీ, ఈ మాట బయట పడిందంటే మీ తాత మమ్మల్ని నరికి బాయిలో యేస్తాడు" అంది. ఆటపట్టిస్తోందేమోనని మొహంలోకి చూశాను. కళ్లలో నీళ్లున్నాయి.

మాను మీద చివరి నిమ్మకాయ మిగిలింది. మునిరత్నం కిందికి చూశాడు. విసిరాడు... పిన్ని తనకు తెలియకుండానే కొంగు చాపేసింది. కాయ సరిగ్గా అందులో పడింది.

వెనకే ఉన్న అవ్వ గబుక్కున కొంగు లాగేసి, కాయ నా చేతిలో కుక్కింది. కానీ అవతల పందిట్లో కూర్చున్న తాత చెవిలో ఎవరో అప్పటికే వంగి ఏదో చెబుతున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇంటికి రాగానే తాత నన్ను వసారాలోకి పిలిచాడు. పక్కనే టెంకాయలు కొట్టే మచ్చుకత్తి.

"కాయ ఎవురి కొంగులో పడింది మే?"

"నాకే తాతా... నేనే పిన్ని కొంగు లాగి పట్టినా."

"నీదేనా? అయితే కోసి పిండుకోని తాగు. నా ముందరే."

"సిన్నబిడ్డకు ఆ కాయ ఎందుకు..." అని అవ్వ ఏదో అనబోయింది. తాత ఒక్క చూపు చూశాడు. అవ్వ లోపలికి వెళ్లి లోటాతో నీళ్లు తెచ్చింది.

తాగాను. ఉప్పు లేదు, చక్కెర లేదు... గింజలతో సహా మింగేశాను. తలుపు చాటు నుంచి పిన్ని చూస్తూనే ఉంది. తాత ఖాళీ లోటా చూసి, లేచి వెళ్లిపోయాడు. నమ్మాడో లేదో నాకు ఈరోజుకీ తెలియదు.

చివరి రోజు ఊరంతా నిప్పులు తొక్కే అగ్నిగుండం దగ్గర ఉండగా పిన్నీ మునిరత్నమూ కనబడకుండా పోయారు. తాత మనుషులు చిత్తూరు బస్టాండు దాకా వెతికారు. వెళ్లిపోయారని అందరూ అన్నారు... నేను నమ్మలేదు. సెలవులు అయిపోయేదాకా రోజూ పొద్దున్నే బావిగట్టు మీద పడుకుని నీళ్లలోకి తొంగి చూసేదాన్ని. నీళ్ల మీద ఒక టెంకాయ తేలినా పిన్ని తలే అనుకునేదాన్ని.

ఎన్నో ఏళ్లకు తెలిసింది, నాయుడుపేటలో ఉన్నారని. సైకిల్ షాపు, ఇద్దరు ఆడపిల్లలు. తాత చనిపోయిన రోజు నేనే పిన్నికి ఫోన్ చేశాను. "నాయన పొయినాడా... నిజంగా పొయినాడా?" అని రెండుసార్లు అడిగింది. తరువాత వెక్కి వెక్కి ఏడ్చింది. రమ్మంటే మాత్రం రాలేదు. "ఆ మెట్టు ఎక్కాలంటే నాకు ఇంకా భయంగా ఉండాది అమ్మణ్ణీ" అంది.

మొన్న భారతానికి వెళ్లాను. మాను చుట్టూ కుర్చీలు, మైకులు, అందరి చేతుల్లో ఫోన్లు... పిల్లలంతా "అర్జునుడు పడిపోతాడేమో" అని పైకి చూస్తున్నారు. నేను మాత్రం కింద నిలబడిన పెద్దమనుషుల మొహాలే చూస్తున్నాను. అలవాటు పోలేదు.

నిమ్మకాయ నీళ్లు ఇప్పటికీ తాగలేను... ఎవరినో కాపాడడానికి చిన్నప్పుడు మీరు ఆడిన అబద్ధం ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి. ఇన్నేళ్లకు నేను చెప్పేశాను కదా.