చౌడప్ప తాత వేసిన విమానాల దావ

హెలికాప్టర్ పుట్టడానికి కారణం మా తాత చౌడప్పే. ముదిగుబ్బ దగ్గర శనక్కాయ చేలో ఆయన వేసిన దారిని పైనుంచి చూసి జడుసుకున్న విమానాలే నిట్టనిలువుగా దిగడం నేర్చుకున్నాయి. కాదనేవాళ్లు ఆయన ముందుకొచ్చి అనండి.

అరవై నాలుగులో చేనుకు కంబళి పురుగు పట్టింది. గట్టు పొడుగునా కాలవ తవ్వితే, కాలవ నిండా పడ్డ పురుగుల మీదుగానే మిగతావి నడిచి వచ్చాయి. ఆ చేను పోతే ఏడాదంతా ఇంట్లో పస్తులే. అప్పుడు పంటల సంగతి చూసే సర్కారు గ్రామసేవకుడు జమాల్ బాషా వచ్చి, "మందు చల్లేదానికి విమానం వస్తాండాది, చౌడన్నా" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఎటువంటి విమానమో చెప్పలేదు.

ఇక తాతకు కాలు నిలవలేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఎండిన చెరువులో దిగిన విమానాన్ని ఆయన చూశాడు. రెక్క మీద రెక్క, ముక్కుకు పంకా. అంత చిన్నది కూడా ఆగేలోపు సగం చెరువు పరుగెత్తింది. మరి మందు నింపుకోవడానికి ఇది ఎక్కడ దిగుతుంది? చేను నడుమ రెండు బండ్లు పట్టేంత వెడల్పున శనక్కాయ చెట్లు పీకడం మొదలుపెట్టాడు.

"ఏమప్పా, పురుగు చాలదని నువ్వు గూడా తగులుకున్నావా?" అంది మా అవ్వ హనుమక్క.

"ఉండుమే! అది దిగకుంటే చేనంతా పాయె."

మరునాడు బెంగళూరు వైపు నుంచి పంకా లేని జెట్ విమానం పోయింది. అది కొండ దాటాక గానీ చప్పుడు చెవిన పడలేదు. తాత తన దారిని అడుగులతో కొలిచి చూశాడు. "ఇట్లాంటిది వస్తే ఈ దావ యాడ చాలుతాది?" దారిని అవతలి గట్టుదాకా సాగదీశాడు. ముద్ద నోట్లో పెట్టుకుని ఆకాశం చూసేవాడు. తుమ్మెద ఝుమ్మన్నా లేచి బయటికి పరుగెత్తేవాడు.

చివరికి వచ్చింది. రెక్కలే లేవు, పంకా నెత్తిన ఉంది. తాత తువ్వాలు ఊపుతూ దారి వెంట పరుగు తీశాడు. "ఈడ! ఈడప్పా!" అది దారి మొత్తం దాటిపోయి, ఖాళీగా ఉన్న కళ్లంలో కోడిపెట్టలా కూర్చుంది. అవ్వ ఆరేసిన కోక ఎగిరి తుమ్మచెట్టెక్కింది.

మందు పడింది, పురుగు రాలింది, చేను నిలిచింది. నడుమ పాపిట తీసినట్టు ఆ దారి ఒక్కటే బోడిగా మిగిలింది.

ఇదంతా రాసి నేను చదివి వినిపిస్తే తాత కాయలు ఒలుస్తూనే విన్నాడు.

"దావ ఏసినాను కాబట్టే వచ్చింది. నీకు బడికి దావ ఉండి గూడా పోతివా? నోరు మూసుకోని కాయలొలుచు."