ఫ్యాను కింది పాత ప్రాసెసర్

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు, ప్రార్థనలోనూ చెప్పలేదు. ఏళ్లుగా గొంతులో ముల్లులా ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

గనులు జోరుగా నడుస్తున్న రోజులవి. బళ్ళారి కౌల్ బజార్లో నాకు కంప్యూటర్లు జోడించి అమ్మే చిన్న అంగడి ఉండేది. ఒకరోజు కూరెకుప్ప నుంచి దానియేలప్ప వచ్చాడు. ఖనిజం లారీ డ్రైవరు. మా సంఘం మనిషే, చర్చిలో నా పక్కన కూర్చునేవాడు. డిప్లొమా చదివే కూతురు రూతుకు ఇంట్లో కంప్యూటరు కావాలన్నాడు.

"మామూలుదే చాలప్పా. కానీ డ్రాయింగు గీసేటప్పుడు నిలిచిపోగూడదు. ఏ ప్రాసెసరు మంచిదో నువ్వే చూడు."

సలహా మంచిదే ఇచ్చాను. ఖరీదైనది అక్కర్లేదు, మరీ చిన్నది పనికిరాదు, రెండు కోర్లది తీసుకోమన్నాను. తెప్పించాను కూడా. ఇంతలో ఒక గని కాంట్రాక్టరు ఆఫీసుకు అర్జెంటుగా మెషిన్లు కావాల్సివచ్చాయి. ఒక ప్రాసెసరు తక్కువపడింది. రూతు కోసం తెచ్చినది అందులో పెట్టేశాను. ఆ ఆఫీసువాళ్లు తీసేసిన పాతదాన్ని తుడిచి రూతు మెషిన్లో బిగించి, పైన కొత్త ఫ్యాను పెట్టాను. దాని కింద ఏముందో ఎవరు విప్పి చూస్తారు?

తర్వాత మారుద్దామనే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఇప్పుడు చెప్పలేను.

కొన్నాళ్లకు తండ్రీకూతుళ్లు ఆ పెట్టెను మోసుకొచ్చారు. డ్రాయింగు తెరిస్తే చాలు, వేడెక్కి ఆగిపోతోందట. పరీక్షకు ఇవ్వాల్సిన పనంతా పోయిందట.

"అన్నా, ఆన్ చేస్తానే స్క్రీన్ మీద వేరే ప్రాసెసరు పేరు వస్తాండాది," అంది రూతు మెల్లగా.

దానియేలప్ప నా వైపు చూశాడు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు.

"అదట్లే చూపిస్తాదిలేమ్మా," అన్నాను. ఎవరూ అడగకుండానే ఇంకో మాట కూడా అన్నాను. "గేములు, సినిమాలు ఎక్కిస్తే ఏ మెషినైనా ఇట్లే అయితాదప్పా."

"నేనేమీ ఎక్కించలేదు నాయనా!"

"సుమ్నే ఉండు, నోరు మూసుకో!" అని కూతుర్ని కసిరాడు దానియేలప్ప. "చర్చిలో మన పక్కన కూర్చునేటోడు అబద్ధం చెప్తాడా యాడన్నా?"

ఆ పిల్ల నన్నే చూసింది. తనకు తెలుసన్నట్టు, తనకు తెలిసిపోయిందని నాకూ తెలుసన్నట్టు.

ఆ ఏడు రూతు పరీక్ష పోయింది. కంప్యూటరు ఆటలు మరిగిన పిల్లకు చదువెందుకని తండ్రి మాన్పించి, లారీలను తూచే కాటా దగ్గర పనికి పెట్టాడని సంఘంలో విన్నాను. ఒకసారి ఆ దారిన బండి మీద పోతూ చూశాను. ఎర్రదుమ్ములో, ముఖానికి గుడ్డ కట్టుకుని, లారీల నంబర్లు కేకేసి చెబుతోంది. కళ్లు మాత్రమే కనిపించాయి. అవి నన్ను గుర్తుపట్టాయి. నేను బండి ఆపలేదు.

తర్వాత గనులు మూతపడ్డాయి, లారీలు ఆగిపోయాయి. ఆ కుటుంబం యాడికి పోయిందో నేను వెతకలేదు. దొరికితే ఏమనాలి? ఇప్పటికీ ముఖానికి గుడ్డ కట్టుకున్న ఆడపిల్ల ఎదురైతే తల దించుకుంటాను.

క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. కానీ నేను కాక ఇంకొకరికైనా ఇది తెలియాలి: రూతు ఏ ఆటలూ ఆడలేదు. ఆ పిల్ల చెప్పిందే నిజం. అబద్ధమాడింది నేను.